ఐ7 సరే, చివరి అక్షరం చూశారా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయి కాలేజీలు తెరిచే రోజుల్లో నాకొచ్చే ఫోన్లలో సగం లాప్‌టాప్ గురించే. ఈసారి మా మేనత్త కొడుకు షాపులో నిలబడి చేశాడు. "బావా, నాన్న ఐ7 అయితేనే డబ్బులిస్తానంటున్నాడు. తీసేసుకోనా?" ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక వరుస పేరే, ఏ ఐ7 అని అడిగితే విసుక్కున్నాడు. పూర్తి నంబరు చదవమన్నాక డబ్బా తిప్పి చదివాడు: 1255యూ. పక్కనే అంతకంటే తక్కువ ధరకు ఇంకోటుంది, ఐ5-12450హెచ్.

రెండూ 2022 మొదట్లో ఇంటెల్ తెచ్చిన 12వ తరం చిప్‌లే. ఐ7లో పది కోర్లు (పనిని పంచుకునే భాగాలు), ఐ5లో ఎనిమిది. లెక్క ఇక్కడ ఆపేస్తే మావయ్య మాటే నెగ్గుతుంది. కానీ ఆ పదిలో బరువు లాగే పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు పొదుపు చేసే చిన్నవి. ఐ5లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. పైగా 1255యూకి ఇంటెల్ ఇచ్చిన బేస్ పవర్ (ఆపకుండా పనిచేసేటప్పుడు వాడుకునే కరెంటు) 15 వాట్లు, 12450హెచ్‌కి 45. బ్రౌజర్ తెరవడం లాంటి చిటికెలో అయిపోయే పనుల్లో ఐ7 ఏమీ వెనకబడదు. దాని గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్, ఐ5ది 4.4. తేడా తెలిసేది అరగంట వీడియోని ఎక్స్‌పోర్ట్‌కి పెట్టినప్పుడు, పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేసినప్పుడు. అక్కడ ఐ5 దాటిపోతుంది. అలాగని హెచ్ అందరికీ మంచిదని కాదు. చార్జర్ ఇంట్లో వదిలేసి రోజంతా తిరిగేవాళ్లకి యూ చిప్పే హాయి, ఫ్యాను మోత కూడా తక్కువ. నేననేదల్లా, పని తీరు చెప్పేది ఆ చివరి అక్షరం. ఐ5, ఐ7 అన్నవి ఒకే అక్షరం ఉన్న చిప్‌ల మధ్య పెద్దా చిన్నా తేడాలు మాత్రమే. రైల్లో ఏసీ బోగీ ఎక్కినంత మాత్రాన ప్యాసింజరు ఎక్స్‌ప్రెస్ అవదు కదా.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ ఇంకో రకం, దాని చిప్‌ల పేరు రైజెన్. రైజెన్ 7000 వరుస లాప్‌టాప్ చిప్‌లలో మొదటి అంకె ఏ ఏడాది సరుకో చెబుతుంది, అసలు లోపలి నిర్మాణం ఏదో మూడో అంకెలో ఉంటుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 అనే నిర్మాణం. 7530యూ అయితే జెన్ 3. ఒక్క అంకె తేడాకి ఒక తరం మారిపోయింది. విచిత్రం ఏమిటంటే 2021 నాటి 5500యూ కూడా జెన్ 2యే, దాంట్లో ఆరు కోర్లు. కొత్త నంబరు పెట్టుకున్న 7520యూలో నాలుగే. కొత్తదానికి గ్రాఫిక్స్ నిర్మాణం కొత్తది, కరెంటు ఖర్చు తక్కువ, కాదనను. కానీ దాని ర్యామ్ బోర్డుకే సోల్డరింగ్ అయి వస్తుంది. 8 జీబీతో కొన్నవాళ్లు చివరిదాకా 8 జీబీతోనే ఉండాలి. ఈ నంబర్లు పొరపాటున ఇలా తయారయ్యాయంటే నేను నమ్మను. పాత సరుకు కొత్త పేరుతో అమ్ముడుపోవడానికే ఈ ఏర్పాటు, ఇందులో రెండు కంపెనీలూ దొందూ దొందే.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి తరం ఇంకా ముఖ్యం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల జాబితాలో ఇంటెల్ 8వ తరం ఐ3 ఉంది, 7వ తరం ఐ7-7700కే (K) లేదు.

ఇక విడిభాగాలతో డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొటేషన్ రాయించుకుంటే మొదటి వరుసలో ప్రాసెసర్, రెండో వరుసలో మదర్‌బోర్డు ఉంటాయి. బేరమంతా మొదటి వరుస మీదే నడుస్తుంది. నేనైతే రెండో వరుస దగ్గర ఆగమంటాను. 2017లో తొలి రైజెన్‌కి కొన్న ఏఎం4 సాకెట్ (చిప్ కూర్చునే గూడు) బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే 2022 నాటి 5800ఎక్స్3డీ చిప్ ఎక్కింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలకే సరి, 2024లో కోర్ అల్ట్రా 200 రాగానే సాకెట్ మారింది. ఏఎం4 తర్వాతి ఏఎం5 సాకెట్‌ని కనీసం 2027 దాకా నడుపుతామని ఏఎండీ చెప్పింది. మూడు నాలుగేళ్ల తర్వాత చిప్ ఒక్కటే మార్చుకునే ఆలోచన ఉంటే దీనికి విలువ. మనలో అలా మార్చేవాళ్లు తక్కువే, అది వేరే సంగతి. కొటేషన్‌లో నంబరు చివర ఎఫ్ ఉందేమో మాత్రం చూడండి. 12400ఎఫ్ కాస్త చవక, ఎందుకంటే అందులో గ్రాఫిక్స్ లేదు. విడిగా కార్డు కొనకుండా మానిటర్ వైరు బోర్డుకి గుచ్చితే తెర మీద ఏమీ రాదు.

అన్నిటికంటే పెద్దది కొనేస్తే ఏ గొడవా ఉండదనుకునేవాళ్లకి ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌ల ఉదంతం తెలియాలి. బాధ ఎక్కువగా పడింది ఐ9లు కొన్నవాళ్లే. గేము మధ్యలో ఆగిపోయి వీడియో మెమొరీ చాలడం లేదని ఎర్రర్ వస్తుంటే పాపం గ్రాఫిక్స్ కార్డుని అనుమానించారు. చిప్‌కి అవసరానికి మించి వోల్టేజ్ వెళ్తోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) దిద్దుబాటు ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. కాకపోతే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ దిద్దుబాటు బాగుచేయలేదు. ఈ తరాల ఐ9 ఎవరైనా చవగ్గా అమ్ముతుంటే ఆశపడకండి.

మావాడు చివరికి 12450హెచ్ తీసుకున్నాడు. అందులో 8 జీబీ ర్యామ్ ఒక్క స్లాట్‌లోనే ఉంది, రెండోది ఖాళీ. మిగిలిన డబ్బుతో అందులో ఇంకో 8 జీబీ వేయించాను. డబ్బా మీద ఐ5 అని ఉండటం మాత్రం మావయ్యకి ఇప్పటికీ మింగుడు పడలేదు.