నల్ల తెర తప్పు మీది కాదు, లినక్స్‌దీ కాదు

అప్‌డేట్ అయింది, రీస్టార్ట్ చేశారు. లోగో వచ్చింది, పోయింది. పైన ఎడమ మూల ఓ చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. ఎంతసేపు చూసినా డెస్క్‌టాప్ రాదు. టెన్షన్‌తో ఫోన్ తీసి వెతికితే అందరిదీ ఒకటే సలహా: గ్రబ్ మెనూలో (ఏ సిస్టమ్ ఎక్కించాలో మొదట్లోనే అడిగే తెర) 'ఇ' నొక్కి, కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) లైను చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10 కొట్టండి. కొడితే తెర వస్తుంది. హమ్మయ్య అనుకుంటారు.

కానీ సమస్య అలాగే ఉంది. నోమోడ్‌సెట్ అంటే గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రాములను, అదే డ్రైవర్లను, తెర జోలికి రావద్దనడమే. కార్డు మూలన కూర్చుంటే బొమ్మలు గీసే చాకిరీ ప్రాసెసర్ మీద పడుతుంది. లోపలికెళ్లి రిపేరు చేసుకోవడానికి ఒక్కసారి వాడాల్సిన దొడ్డిదారిని మనం సింహద్వారం చేసేసుకుంటున్నాం. నా అభ్యంతరం అక్కడే.

నల్ల తెర మీద కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి చూడండి. చాలాసార్లు అక్షరాల తెర వస్తుంది. లాగినై 'ఎల్‌ఎస్‌పీసీఐ -కె' కొడితే కార్డు ఏ డ్రైవర్ చేతిలో ఉందో, అసలు ఎవరి చేతిలోనైనా ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టండి. కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్‌ని దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేసే పనిముట్టు అది. కొత్త కెర్నల్ నంబరు ఎదురుగా 'ఇన్‌స్టాల్డ్' అని లేకపోతే దొంగ దొరికినట్టే. కెర్నల్ మారింది, డ్రైవర్ తయారీకి కావాల్సిన దాని హెడర్ ఫైళ్లు రాలేదు, మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే డ్రైవర్ ముక్క) తయారు కాలేదు. ఒకవేళ తయారైనా, మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఎక్కించబోతే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అందంటే, నమ్మకమైన సంతకం లేని కోడ్‌ని రానివ్వని కాపలాదారు సెక్యూర్ బూట్, సంతకం చెల్లలేదని దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. మాక్ కీ (ఆ సంతకాన్ని నమ్మమని మెషీన్ యజమానిగా మీరిచ్చే తాళంచెవి) నమోదు చేయమంటూ రీబూట్‌లో ఓ నీలం తెర వచ్చే ఉంటుంది. అదేంటో అర్థంకాక చాలామంది దాటేస్తారు. ఇవన్నీ సరిగ్గానే ఉండి ఓ రోజు తెర వచ్చి ఓ రోజు రాకపోతే, డ్రైవర్ కంటే ముందే లాగిన్ తెర లేస్తోందేమో చూడాలి. మాడ్యూల్‌ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లోనే ఎక్కే చిన్న ఫైళ్ల మూట) చేరిస్తే చాలావరకు కుదురుకుంటుంది.

మొదటి రెండు జబ్బులకీ మూలం ఒక్కటే: ఎన్విడియా కార్డుల డ్రైవర్‌లా కెర్నల్ బయట కాపురం ఉండటం. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కెర్నల్ సోర్సులోనే ఉంటాయి. లోపల ఓ ఫంక్షన్ మారిస్తే దాన్ని వాడే ప్రతి డ్రైవర్నీ మార్చినవాళ్లే సరిచేస్తారు. బయట ఉన్నవాడికి ఆ భాగ్యం లేదు. ఏఎండీ 2007లో తన కార్డుల డాక్యుమెంట్లు బయటపెడతానంది. 2015లో ఏఎండీజీపీయూ డ్రైవర్ 4.2 కెర్నల్‌లో చేరింది. అలాగని ఆ కార్డులు మొరాయించవని కాదు. కొత్త కార్డుకి పాత ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) ప్యాకేజీ ఉంటే అక్కడా చీకటే. కాకపోతే అది ఒక్క ప్యాకేజీ అప్‌డేట్‌తో పోయే చీకటి.

విండోస్‌లా డ్రైవర్లకి స్థిరమైన ఇంటర్‌ఫేస్ ఇస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారు కొందరు. న్యాయంగానే వినిపిస్తుంది. కానీ లోపలి గోడలు కదపనని మాటిస్తే పాత తప్పులన్నీ అక్కడే పాతుకుపోతాయి. ఆ బరువు మోసేదేమో డ్రైవర్ దాచుకున్న కంపెనీ కాదు, కెర్నల్ రాసేవాళ్లు.

పైగా దాచుకోవడం తప్పనిసరేమీ కాదని ఎన్విడియానే నిరూపించింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. పదేళ్లకి, 2022 మేలో, ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టింది. ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకి మాత్రమే. ఆ మాడ్యూళ్లు ఇప్పటికీ కెర్నల్ బయటే ఉన్నాయి. గుట్టంతా కార్డులోని జీఎస్పీ అనే చిన్న ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోకి మారింది, దాని సోర్సు ఇవ్వలేదు.

అసలు ప్రశ్న ఇప్పుడొస్తుంది: ఆ కార్డు ఎవరిది? 2014లో వచ్చిన ఎన్విడియా రెండో తరం మాక్స్‌వెల్ కార్డుల నుంచి, కంపెనీ సంతకం లేని ఫర్మ్‌వేర్‌ని కార్డే ఒప్పుకోదు. తయారీదారు సాయం లేకుండా కార్డుని శోధించి శోధించి నూవో డ్రైవర్ రాసినవాళ్లకి దాని వేగం పెంచే తాళంచెవి లేకుండా పోయింది. డీలర్ సాఫ్ట్‌వేర్ లేనిదే రిపేరుకి లొంగని ట్రాక్టర్, వేరే కంపెనీ ఇంకు పెడితే అలిగే ప్రింటర్, ఈ కార్డు, మూడూ ఒకే తాను ముక్కలు. డబ్బు మనది, పెత్తనం వాళ్లది.

2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1080నే చూడండి. ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేసే కార్డు. దాని క్లోజ్డ్ డ్రైవర్లలో 580 సిరీసే చివరిది. ఓపెన్ మాడ్యూళ్లు దాని మీద నడవవు, లోపల జీఎస్పీ లేదు కాబట్టి. ఇక మిగిలింది నూవో. అది లోడవుతుంది, తెరా వస్తుంది, కానీ కార్డు బూటైనప్పటి నత్తనడక దాటదు.