అన్నిటికీ ఒకటే జవాబు: అవగాహన లోపం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పీజీ పిల్లలు రాసే సోషల్ వర్క్, సోషియాలజీ ప్రాజెక్టు రిపోర్టులు నాలుగు తిరగేయండి, ఒక మాట పదేపదే తగులుతుంది: అవగాహన లోపం. విషయం రొయ్యల చెరువుల్లో మందుల వాడకమైనా, చీమకుర్తి క్వారీల దుమ్మైనా, ఆడపిల్లల చదువైనా చివరికి తేలేది జనానికి అవగాహన లేదనే, చేసే సిఫారసు అవగాహన సదస్సులు పెట్టమనే. ఊళ్ళు తిరిగి, గంటలకొద్దీ ఫోన్‌లో రికార్డు చేసి, అదంతా టైపు కొట్టి, ఇంట్లోంచి కదలకుండానే రాయగలిగిన ముక్క రాస్తే ఆ కష్టమంతా ఎందుకు?

పిల్లల్ని అనడం లేదు. మనం నేర్పేది శాంపిల్ సైజు, శాతాలు, కై స్క్వేర్ లాంటి గణాంకాల లెక్కలు. మనుషులు చెప్పిన మాటల్ని ఏం చేయాలో ఎవరూ కూర్చోబెట్టి చూపించరు కాబట్టి వాటిని పట్టికల మధ్య అలంకారానికి వాడతారు.

కనిగిరి వైపు ఒక ఊరు తీసుకుందాం. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఇంటర్వ్యూలో ఒకామె ఇలా అందనుకోండి: “తాగేదానికి ప్లాంటు నీళ్ళే పాపా. కూడొండేదానికి బోరువే. అన్నిటికీ ప్లాంటు నీళ్ళంటే ఎవురు మోసుకొచ్చేది?” ఫ్లోరైడ్ కాచినా పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా పెరుగుతుంది. ఆ సంగతి చదువుకున్న విద్యార్థి వెంటనే పక్కన ‘అవగాహన లోపం’ అని రాసేస్తుంది. కానీ ఆమె చెప్పింది అది కాదు. నీళ్ళని వాటాలు వేసుకుంటోంది, ఏ పనికి ఏ నీళ్ళో లెక్క కడుతోంది, మోసే మనిషి లేడంటోంది. మూడు మాటల్లో మూడు పనులున్నాయి. ఇంటర్వ్యూల విశ్లేషణలో కోడింగ్ అంటే ముందు ఇదే, ఆ మనిషి ఏం చేస్తోందో వాక్యం వాక్యానికీ పేరు పెట్టడం. సామాజిక శాస్త్రవేత్త కాథీ చార్మజ్ కోడ్‌లని, అంటే ఆ పేర్లని, క్రియలుగా రాయమన్నది ఇందుకే. ‘లోపం’ అని రాస్తే మనం తీర్పు చెప్పేశాం, ‘వాటాలు వేసుకోవడం’ అని రాస్తే ఇంకా వెతకాల్సింది మిగులుతుంది.

ఆ తర్వాత పోలిక. 1967లో గ్లేజర్, స్ట్రాస్ అనే సామాజిక శాస్త్రవేత్తలు చెప్పిన గ్రౌండెడ్ థియరీ పద్ధతికి, అంటే సేకరించిన మాటల్లోంచే సిద్ధాంతం కట్టే పద్ధతికి, ప్రాణం ఇదే. స్కూటర్ ఉన్న ఇల్లు, ముసలావిడ ఒక్కతే ఉండే ఇల్లు, మగవాళ్ళు హైదరాబాద్ పనులకి వలసపోయిన ఇల్లు పక్కపక్కన పెట్టి చూడాలి. మోసే మనిషి ఉన్నచోట వంటకీ ప్లాంటు నీళ్ళే వాడుతున్నారా? వాడుతుంటే మోసే మనిషి లేకే బోరు నీళ్ళతో వండుతున్నారన్న మన ఊహ నిలబడింది. స్కూటరుండి, ప్లాంటు వీధి చివరే ఉండి కూడా బోరు నీళ్ళతోనే వండే ఇల్లు ఒకటి తగిలిందంటే అసలు పని అక్కడ మొదలవుతుంది. మనవాళ్ళు సరిగ్గా ఆ ఇంటినే ‘ఇతరములు’ గడిలోకి తోసేస్తారు. ఎదురు తిరిగిన ఆ కేసు గురించి ఆ రోజే ఒక పేజీ రాసి పెట్టుకోవాలి. మెమో అంటారు. ఇంగ్లిష్ బాగుండక్కర్లేదు, అసలు ఇంగ్లిషే అక్కర్లేదు.

ప్రశ్నావళిలోని ప్రశ్నల్నే థీమ్‌లుగా, అంటే విశ్లేషణలో తేలిన ముఖ్యాంశాలుగా, మార్చి అధ్యాయాలు చేయడం ఇంకో జబ్బు. థీమ్‌లు తీసే పద్ధతిని వివరించిన బ్రౌన్, క్లార్క్ తమ 2006 వ్యాసంలోనే ఇది వద్దని స్పష్టంగా రాశారు. దాన్ని తమ పద్ధతిగా ఉదహరిస్తూనే అదే తప్పు చేసే రిపోర్టులకు కొదవ లేదు. ‘12 ఇంటర్వ్యూలు చాలు’ అనే మాట కూడా అట్లాంటిదే. అది ఘనా, నైజీరియాల్లో దాదాపు ఒకే రకం పరిస్థితుల్లో ఉన్న మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలని విశ్లేషించి 2006లో చెప్పిన మాట. మత్స్యకారులనీ, చెరువుల యజమానులనీ, కూలీలనీ ఒకే అధ్యయనంలో కలిపేసి 12 దగ్గర ఆపితే కుదరదు.

విశ్లేషణకి వాడే సాఫ్ట్‌వేర్ మనం పెట్టిన కోడ్‌లని సర్దిపెడుతుంది, అంతే. ఇప్పుడైతే ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం ఏఐకి ఇచ్చి థీమ్‌లు అడుగుతున్నారు. అది ‘అవగాహన లోపం’ మనకంటే వేగంగా రాసిస్తుంది!

ఈ మాట మీద నాకింత కోపం ఎందుకంటే, దాన్ని రెండు వైపులా వాడతారు. జనం మనం చెప్పినట్టు చేయకపోతే అవగాహన లేదు, తిరగబడితే అవగాహన వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి మనం చెప్పుకునే కథ చూడండి. అక్షరదీపం అనే వయోజన విద్య రాత్రి తరగతుల్లో, వాచకంలో సారా గురించిన సీతమ్మ కథ చదివారు, కళ్ళు తెరుచుకున్నాయి, సారా దుకాణం మూయించారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదువు పాత్ర లేదని కాదు. కానీ తాగుడు వల్ల ఇంట్లో ఏం జరుగుతుందో వాచకం చూసి తెలుసుకోవాల్సిన అవసరం వాళ్ళకేముంది? తెలిసిన విషయం మీద నలుగురూ కలిసి బయటికి ఎలా వచ్చారన్నది ప్రశ్న. రాత్రి బడి వాళ్ళకి పాఠం ఇచ్చిందా, లేక కూర్చుని మాట్లాడుకునే చోటు ఇచ్చిందా? అదే వాచకం చదివి కూడా కదలని ఊళ్ళు ఉంటే అక్కడ ఏం అడ్డుపడింది?

ఈ పోలిక ఇప్పటికైనా చేయొచ్చు. అప్పుడు ముప్పై ఏళ్ళున్న ఆడవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి, చాలామంది ఆ ఊళ్ళలోనే ఉంటారు. నెల్లూరులో ఎమ్మే ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్న వాళ్ళు ఒక్క సెలవుల్లో మొదలుపెట్టగల పని. వెళ్ళినప్పుడు మాత్రం ‘మీకు అవగాహన ఎప్పుడొచ్చింది’ అని అడక్కండి, ఆ రోజు పొద్దున్నుంచీ ఏం జరిగిందో చెప్పమనండి.