అక్షింతల పురుగుకు అర్హతా పత్రం ఏది?

గోధుమ చేలో మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగులను తిని బతికే అక్షింతల పురుగు మీద ఇంతవరకు ఎవరూ విచారణ జరిపించకపోవడం శోచనీయం. అది పని చేస్తుందని అందరూ ఒప్పుకుంటారు గానీ, ఏ అధికారంతో చేస్తోందని అడిగిన వారు లేరు. దానికి డబ్బా లేదు, డబ్బా మీద పుర్రె బొమ్మ లేదు, ఎంత నీటికి ఎంత కలపాలో చెప్పే కాగితం లేదు, గడువు తేదీ అసలే లేదు. దాని పిల్లపురుగు మరీ విచ్చలవిడిది. ఎదిగేలోగా వందలకొద్దీ పేనుబంక పురుగులను నమిలేసి, ఒక్కదానికైనా రసీదు ఇవ్వదు.

పురుగుమందు అలా కాదు, మర్యాద తెలిసినది. పిచికారీ చేసిన పూటే పురుగులు రాలి కనబడతాయి, చేసినవాడికి ఏదో చేశానన్న తృప్తి మిగులుతుంది. శత్రుపురుగు, మిత్రపురుగు అన్న పక్షపాతం లేకుండా పైరిథ్రాయిడ్ మందులు చూపే సమదృష్టి న్యాయమూర్తులకైనా అలవడడం కష్టం. ఆ తరువాత పేనుబంకే ముందుగా కోలుకుంటుందన్నది నిజమే. పంటకాలంలో దాని ఆడపురుగుకు మగదానితో పని లేదు, గుడ్డు పెట్టి ఎదురుచూసే ఆలస్యమూ లేదు. నేరుగా కూతుళ్ళను కంటుంది, ఆ కూతురి కడుపులో మనవరాలు అప్పటికే రూపు దిద్దుకుంటూ ఉంటుంది. దానిని తినే పురుగులకు ఇంత వేగం చేతకాదు కనుక మళ్ళీ పిచికారీ చేయవలసి వస్తుంది. గిట్టనివారు దీనిని వైఫల్యం అంటారు. నేను నిరంతర సేవ అంటాను.

అఫిడియస్ అనే చిన్న కందిరీగ సంగతి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అది పేనుబంక ఒంట్లో గుడ్డు పెడుతుంది; పుట్టిన పిల్ల లోపలినుంచే తినుకుంటూ పెరిగి, చివరికి ఆకుకు అతుక్కున్న ఉబ్బిన డొల్లకు గుండ్రంగా కన్నం చేసుకుని బయటపడుతుంది. పురుగుమందు క్రూరమైనదని కన్నీరు పెట్టుకునే ప్రకృతి ప్రేమికులు ఈ డొల్లలను చూసి మాత్రం మురిసిపోతారు.

సహజమైనదంతా మంచిదేనన్న వాదం కూడా ఉంది. పొగాకులోని నికోటిన్ సహజమైనదే, మనిషిని కూడా చంపగలదు. వేప గింజల్లోని అజాడిరక్టిన్ అంత దూకుడు మనిషి కాదు: పురుగుకు తిండి మీద విరక్తి కలిగిస్తుంది, కుబుసం విడవనివ్వదు, ఎండ తగిలితే తానే విరిగిపోతుంది. ఇంత సాత్వికమైన మందును చూసి ఎవరు భయపడతారు?

చరిత్ర కూడా నా పక్షమే. 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమను పాడుచేస్తున్న పెంకుపురుగుకు ఒక ఆకుపచ్చ బూజు సోకుతోందని ఇల్యా మెచ్నికోవ్ గమనించి, ఆ బూజునే పెంచి పురుగుల మీదికి వదలవచ్చని సూచించాడు. ఈనాడు మెటారైజియం అని పిలిచేది దానినే. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, కానీ రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనకు. బూజుకు ఏమీ దక్కలేదు. డి.డి.టి. పురుగులను చంపుతుందని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కైతే 1948లో అచ్చంగా అందుకే నోబెల్ ఇచ్చారు. తేమ కావాలి, రోజుల తరబడి గడువు కావాలి అని మారాం చేసే బూజుకు ఇంతకంటే ఏం గౌరవం దక్కుతుంది?

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మరింత తెలివిగా ఆలోచించారు. ప్రమాదం వచ్చినప్పుడు పేనుబంక తోటి పురుగులను హెచ్చరించడానికి వదిలే వాసనను గోధుమ మొక్కే వెదజల్లేలా జన్యుమార్పిడి చేశారు. ప్రయోగశాలలో పేనుబంక పరుగు తీసింది. పొలంలో మాత్రం దాని సంఖ్య తగ్గలేదని 2015లో వెల్లడైన ఫలితాలు చెప్పాయి. వాసన ఎడతెగకుండా రావడమే ఇందుకు కారణం కావచ్చని వారే అనుకున్నారు. ‘నాన్నా, పులి!’ కథ పేనుబంకకు కూడా తెలిసినట్టుంది.

అన్నిటికంటే అభ్యంతరకరమైన పద్ధతి గోధుమను పాడుచేసే హెస్సియన్ ఈగ మీద ప్రయోగించేది. శరదృతువులో ఈగలు తిరిగి, గుడ్లు పెట్టి, చచ్చిపోయేదాకా ఆగి, ఆ తరువాత గోధుమ విత్తుతారు. అంతే. గుడ్డు పెడదామని వచ్చిన ఈగకు చేలో మొక్క ఉండదు. ఈ పద్ధతిని ఏ డబ్బాలో పోసి అమ్మాలి? ఆగడం మీద పన్ను ఎలా వేయాలి? పైగా పిచికారీ చేసే ముందు చేలోకి దిగి, వంగి, కంకికి ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి, నష్ట పరిమితి, అంటే మందు ఖర్చును మించి పంట పోయేంత సంఖ్య, దాటితేనే మందు కొట్టమంటారు. నడుములకు ఇంతటి అపకారం ఏ రసాయనమూ చేయలేదు.

కనుక అక్షింతల పురుగు తక్షణం పని ఆపి, తగిన పత్రాలతో దరఖాస్తు పెట్టుకోవాలని కోరుతూ నోటీసు రాసి, ఆకు మీద అతికించి వచ్చాను. మర్నాడు వెళ్ళి చూస్తే నోటీసు కింది పేనుబంక లేదు. అంటించిన జిగురు మీద ఒక అక్షింతల పురుగు కూర్చుని ఉంది.