కనుబొమ్మకు రిజిస్ట్రేషన్ నంబరు

ఆస్ట్రేలియా ప్రభుత్వం వారికి సవినయ మనవి. అయ్యా, విదేశీ విద్యార్థులకు చదువులు ఎలా అమ్మాలో మీరు రాసిన నియమాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటిలో ఒక్క కనుబొమ్మ మాత్రం మిస్సయింది.

పోయిన ఆదివారం మా తమ్ముడినీ, వాడి కొడుకునీ వెంటబెట్టుకుని ఒక హోటల్లో జరిగిన ఎడ్యుకేషన్ ఫెయిర్‌కి వెళ్లాను. మేం కూర్చున్న టేబుల్ వెనక నిలువెత్తు బ్యానర్, దాని మీద సిడ్నీ హార్బర్ బ్రిడ్జి. కాలేజీ ఉన్నదేమో మెల్‌బోర్న్‌లో. ఇదేంటని అడిగితే, "అదీ ఆస్ట్రేలియాలోదే కదండీ" అన్నాడు టేబుల్ అవతలి ఏజెంటు కుర్రాడు. కాదనడానికి నా దగ్గర ఆధారాల్లేవు.

మా తమ్ముడు గొంతు సవరించుకుని అసలు ప్రశ్న అడిగాడు. "చదువయ్యాక పీఆర్ వస్తుందాండీ?" పీఆర్ అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి.

"పీఆర్ గురించి మేం మాట్లాడకూడదు సార్. రూల్స్ ఒప్పుకోవు" అన్నాడు కుర్రాడు. అని, కుడి కనుబొమ్మ అరంగుళం పైకి లేపాడు. బ్రోచర్‌లో కోర్సు పేరు మీద పెన్నుతో రెండుసార్లు టక్ టక్‌మని కొట్టాడు. ఓ నవ్వు నవ్వాడు. అంతే. మా తమ్ముడి మొహం మతాబాలా వెలిగిపోయింది.

ఆ కుర్రాడు చెప్పింది దాదాపు నిజం. రూల్ ఉంది. విదేశీ విద్యార్థుల చదువుల కోసం 2000లో వచ్చిన ఈఎస్ఓఎస్ చట్టం, దాని కింద కాలేజీలు పాటించాల్సిన నేషనల్ కోడ్ 2018. ఆ కోడ్‌లో మొదటి ప్రమాణమే మార్కెటింగ్ గురించి. ఉద్యోగాల గురించి తప్పుడు మాట చెప్పకూడదు. వలస అవకాశాల గురించీ తప్పుడు మాట చెప్పకూడదు. ఫలానా సంస్థతో మాకు సంబంధం ఉందని కోతలు కోయకూడదు. ఈ కోర్సు చేస్తే అక్కడే స్థిరపడేలా చేస్తామని మాట ఇవ్వకూడదు. పాసు చేయిస్తామని అసలే అనకూడదు. రాతలోనైనా ఆన్‌లైన్‌లోనైనా కాలేజీ రిజిస్టరయిన పేరు, క్రైకోస్ నంబరు, అంటే విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే కాలేజీల ప్రభుత్వ రిజిస్టరులోని నంబరు, వేసి తీరాలి. ఐదంకెలు, ఒక అక్షరం. మెల్‌బోర్న్ యూనివర్సిటీది 00116కె. మా బ్రోచర్‌లోనూ నంబరుంది. వెనక పేజీలో, అడుగున, లేత బూడిద రంగు మీద ఇంకాస్త లేత బూడిద రంగులో. నా కళ్లజోడు తీసి భూతద్దంలా పట్టుకుంటే కనపడింది. చట్టం కనపడమనలేదు, వేయమంది. వేశారు.

రెండో ప్రమాణం నాకు మరీ ఇష్టం. చేరబోయే విద్యార్థికి సమాచారమంతా సులభమైన ఇంగ్లీషులో ఇవ్వాలట. ఇచ్చారు కూడా. బ్రోచర్‌లో ఇంగ్లీషు కడిగిన ముత్యంలా ఉంది, ఒక్క అబద్ధం లేదు. అబద్ధాలన్నీ తెలుగులో ఉన్నాయి. ఏ భాషలో చెప్పినా అబద్ధం అబద్ధమేనని కోడ్ ఒప్పుకుంటుంది, నిజమే. కానీ "అంతా మంచే జరుగుతుంది లెండి" అనే వాక్యాన్ని వినడానికి కాన్‌బెర్రా నుంచి ఎవరొస్తారు?

రావాలంటాను. అందుకే ఈ మనవి. ఏజెంట్ల కనుబొమ్మలన్నింటినీ రిజిస్టరు చేయండి. కుడిదానికో నంబరు, ఎడమదానికో నంబరు. లేపే ముందు చూపించాలి. ఒక తనిఖీ అధికారిని కోణమానినితో పంపండి. పది డిగ్రీలు లేస్తే 'పార్ట్‌టైమ్ దొరకొచ్చు' అని అర్థం. ఇరవై డిగ్రీలు లేస్తే 'ఉద్యోగం ఖాయం'. రెండూ కలిసి ముప్ఫై డిగ్రీలు లేచాయా, అది పీఆర్, మొదటి ప్రమాణం ఉల్లంఘన, అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

పాపం, ఆ అధికారికి కనుబొమ్మతోనే పని తీరదు. "ఊఁ" అనే శబ్దం ఎదురవుతుంది. పొట్టి ఊఁ అంటే విన్నానని. సాగదీసిన ఊఁ అంటే 'మీకు తెలీనిదేముంది' అని. ముక్కుతో అన్న ఊఁ వలస సలహా కిందికి వస్తుందా రాదా? దీని మీద కమిటీ వేయాలి. తర్వాత "మా పెద్దమ్మ కొడుకు ఇదే కోర్సులో వెళ్లాడండీ, మొన్ననే ఇల్లు కొన్నాడు" వస్తుంది. ఇది వాగ్దానం కాదు, కుటుంబ సమాచారం. ఆ తర్వాత "ముందు వెళ్లనివ్వండి, మిగతాది తర్వాత చూసుకుందాం". అధికారి నోట్‌బుక్కులో రాసుకుంటాడు: మిగతాది అంటే ఏది? తర్వాత అంటే ఎప్పుడు? చూసుకునేది ఎవరు? మూడు ప్రశ్నలకీ జవాబు కోసం కుర్రాడి వైపు చూస్తే, కుర్రాడు చాక్లెట్ల గిన్నె ముందుకు జరుపుతాడు.

నవ్వులాట సరే. ఈ రూల్స్ ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఆ దేశంలో కొరత ఉన్న వృత్తుల జాబితాలో వంటా, జుట్టు కత్తిరింపూ ఉండేవి. ఆ కోర్సు చేస్తే పీఆర్‌కి పాయింట్లు కలిసేవి. గరిటె పట్టడం రాని పిల్లల్ని కూడా వంట కాలేజీల్లో చేర్పించారు. 2009లో మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ప్రైవేటు కాలేజీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. 2010 ఫిబ్రవరిలో ఆ జాబితానే ఎత్తేశారు. కట్టిన ఫీజు, పోయిన ఏళ్లు, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీని పిల్లలు. వాళ్లకి చదువమ్మినవాడికి ఏమైంది? ఏమీ కాలేదు. టేబుల్ మీద గుడ్డ మార్చుకుని ఇంకో దేశం బ్యానర్ కట్టుకున్నాడు.

కాలేజీ మూతపడితే ఇప్పుడు టీపీఎస్ అని ఫీజుకి రక్షణగా ఒక ఏర్పాటుంది. వేరే కోర్సులో చేరుస్తారు, లేదంటే వాడుకోని ఫీజు తిరిగిస్తారు. మంచిదే. కనుబొమ్మ చెప్పిన మాట తప్పితే ఎవరిస్తారు? వీసా ఫీజు 710 డాలర్లుండేది, 2024 జులైలో 1,600 చేశారు, మరుసటి జులైకి 2,000. వీసా రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. అప్పు చేసింది తండ్రి, రిజెక్ట్ అయ్యింది పిల్లవాడు. "మీ ప్రొఫైల్ వీక్ సార్" అనేది మాత్రం ఆ కుర్రాడు! మొన్నటిదాకా స్ట్రాంగే కదరా ఆ ప్రొఫైల్? నువ్వే కదా అన్నావు, పెన్నుతో టక్ టక్‌మని కొట్టి? ఆస్ట్రేలియాలో కూర్చుని డబ్బు తీసుకుని వీసా సలహా చెప్పాలంటే రిజిస్టరయిన మైగ్రేషన్ ఏజెంటో, లాయరో అయ్యుండాలి. సముద్రం దాటితే అదేమీ అక్కర్లేదు, హోటల్ హాలు అద్దె కడితే చాలు. ఏజెంటు మోసం చేశాడని తేలితే అతనితో ఒప్పందం రద్దు చేసుకోవాల్సింది కాలేజీ. ఏ కాలేజీ? అతను తెచ్చిన ప్రతి పిల్లవాడి ఫీజులోంచి అతనికి కమీషన్ లెక్కకట్టే కాలేజీ. దొంగ మీద ఫిర్యాదు పెట్టెకి తాళంచెవి దొంగ మేనమామ దగ్గరుంది.

బయట బోర్డు మీద మాత్రం 'ఫ్రీ కౌన్సెలింగ్'. ఫ్రీ అట. సిగ్గుండాలి.

లిఫ్టులో దిగుతుంటే మా వాడు బ్రోచర్ మడత పెట్టుకుంటూ అడిగాడు.

"పెదనాన్నా, ఆయన చెప్పింది నిజమే అంటావా?"

"ఏం చెప్పాడ్రా?"

వాడు ఒక ఫ్లోరు దిగేదాకా ఆలోచించాడు. "ఏమీ చెప్పలేదు" అన్నాడు.

మా తమ్ముడు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. "ఆ... ఆ... పీఆర్ గ్యారంటీ అట" అంటున్నాడు మరదలితో.