నమస్కారాలు పోను మిగిలిన ప్రశ్న

గౌరవనీయులైన పాఠకులకు, పాఠకుల ఇంట్లోని పెద్దలకు, ఈ నాలుగు ముక్కలు చదివేదాకా కరెంటు తీయకుండా సహకరిస్తున్న లైన్‌మన్ సోదరులకు, ఈ వ్యాసం రాసే అవకాశం కల్పించిన నా ఖాళీ సమయానికి పేరుపేరునా నమస్కారాలు.

చిరాకేసిందా? ఇంకా విషయంలోకి రాలేదేమిటని తిట్టుకున్నారా? మా వరంగల్ బల్దియా, అంటే నగరపాలక సంస్థ, సర్వసభ్య సమావేశంలో మేయర్ గారిని నిలదీయడానికి లేచిన కార్పొరేటర్లు ఇంతకు పదింతలు చదువుతారు. ఒక్కరూ విసుక్కోరు. చాయ్ రాకముందు ఎవరూ లేచిపోరన్నది వేరే సంగతి.

లెక్క వేద్దాం. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు, డివిజన్‌కో కార్పొరేటర్. మనిషికి ఐదు నిమిషాల నమస్కారాలు వేసుకున్నా 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. పదకొండింటికి సభ మొదలైతే ఆఖరి నమస్కారం సాయంత్రం నాలుగున్నరకు పడుతుంది, అదీ బిర్యానీకి లేవకుండా ఉంటే. ఇక మోరీల (మురికి కాల్వల) గురించి ఎప్పుడు అడుగుతారు పాపం? అందుకే మనవాళ్లు తెలివిగా ప్రశ్నను కూడా నమస్కారంలోనే కలిపేశారు. ఓ సభను ఊహించుకోండి. పెద్ద కష్టమేమీ కాదు.

"గౌరవ మేయర్ గారికి, కమిషనర్ గారికి, వేదిక మీది ఎమ్మెల్యే గారికి, బిజీగా ఉండి రాలేకపోయిన మంత్రి గారికి, తోటి కార్పొరేటర్ అన్నలకు, అక్కలకు నమస్కారం. మీ నాయకత్వంలో నగరం పరుగులు పెడుతోంది. మా డివిజన్‌కు మీరిచ్చిన సీసీ రోడ్డుకు ప్రజల తరఫున కృతజ్ఞతలు. దాని మీద మోకాళ్ల లోతు నీళ్లు నిలుస్తున్న మాట నిజమే గానీ, రోడ్డు మాత్రం అద్భుతంగా ఉంది. నీళ్లు తగ్గినప్పుడు చూశాం."

మేయర్ గారు తల ఊపుతారు. "గౌరవ సభ్యులు మంచి విషయం సభ దృష్టికి తెచ్చారు. పరిశీలిస్తాం." బల్లలు మోగుతాయి. ఏదో సాధించినట్టు ఆ కార్పొరేటర్ చెమట తుడుచుకొని కూర్చుంటాడు.

ప్రతిపక్షం ఊరుకుంటుందా? వాళ్ల దగ్గర సీసా ఉంది. నల్లాలో వచ్చిన ఎర్రనీళ్లు పట్టుకొచ్చిన సీసా. నినాదాలిస్తూ పోడియం దగ్గరికి వెళ్లి దాన్ని మేయర్ గారి బల్ల మీద పెడతారు. ఫొటో సరిగా పడలేదని కెమెరా తమ్ముడు అంటే మళ్లీ తీసి మళ్లీ పెడతారు. మేయర్ గారు సీసా వైపు చూసి కమిషనర్ వైపు చూస్తారు. కమిషనర్ ఇంజినీర్ వైపు చూస్తారు. ఇంజినీర్ లేచి వచ్చి సీసాను వెలుగుకు ఎత్తిపట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపుతామని ప్రకటిస్తారు. అప్పటిదాకా అది శాంపిల్ అని ఎవరికీ తెలియదు. ఈలోగా చాయ్ వస్తుంది. అటెండర్ ఖాళీ కప్పులతో పాటు సీసానూ ట్రేలో పెట్టుకుపోతాడు. ల్యాబ్ సంగతి అంతటితో సరి. వచ్చే సభకు ఇంకో సీసా వస్తుంది. దగ్గర్నుంచి చూస్తే ఒకటి తెలుస్తుంది: సభ్యుల ముందు పెట్టిన మినరల్ వాటర్ సీసా, ఈ ఎర్రనీళ్ల సీసా ఒకే కంపెనీవి. పోయినసారి తాగి పారేసిందాంట్లోనే ప్రజల గోడు పట్టుకొచ్చారన్నమాట.

వీళ్లను మరీ తప్పుపట్టలేం లెండి. మన దగ్గర మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. సొంతంగా చూసి చేసుకున్న సంబంధంలో లోపాలు ఎంచడం ఎవరికైనా ఇబ్బందే. అవిశ్వాసం గాలి లేచినప్పుడు మాత్రం ప్రశ్నలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఆ ప్రశ్నలకు జవాబు రిసార్టులో దొరుకుతుంది.

మా గల్లీ మోరీ సంగతి కూడా సభ దృష్టికి తెస్తాను. పూడిక తీశారు, తీసిందంతా గట్టున కుప్ప పోశారు. ఎండాక ట్రాక్టర్ వచ్చి ఎత్తుకుపోతుందన్నారు. ఎండింది. పైన ఓ కుక్క కాపురం పెట్టింది. ఎడమకాలి చెప్పొకటి, కొబ్బరి చిప్పలు, గుట్కా పొట్లాలు అన్నీ కనిపించేలా పగుళ్లు కూడా పట్టింది. ట్రాక్టర్ మాత్రం రాలేదు. వానొచ్చింది. కుప్ప ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే క్షేమంగా చేరుకుంది, చెప్పుతో సహా. కాగితం మీద మాత్రం ఆ మోరీ ఇప్పటికీ అద్దంలా ఉండి ఉంటుంది.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది ఇంకొకటుంది. 2020 ఆగస్టులో మునిగాం. 2023 జులైలో మునిగాం. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు మళ్లీ మునిగాం. ఎనిమిది వందల ఏళ్ల కింద కాకతీయులు, పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువులోకి పోయేట్టు గొలుసుకట్టు చెరువులు తవ్వించిన నేల ఇది. కోట చుట్టూ అగడ్త తవ్వింది శత్రువు రాకుండా. 2016లో స్మార్ట్ సిటీ అయిన మనం వానాకాలంలో ఇంటికో అగడ్త ఇచ్చాం. చెరువు శిఖం భూమికి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలకు, ఇంటి నంబరు ఇచ్చిందెవరు? నాలా మీద పిల్లర్లు లేస్తుంటే చూడనట్టు పోయిందెవరు? నడిరాత్రి పసిపిల్లలను భుజాన వేసుకొని మెడలోతు నీళ్లలో నడిచినవాళ్లకు మీ పరిశీలన ఎందుకయ్యా? ఏం పరిశీలిస్తారు, నీళ్లు తడిగా ఉన్నాయా లేవా అనా? వాళ్ల పట్టాదారు పుస్తకాలు, పిల్లల మెమోలు ముద్దయి పోయాయి. మీ మినిట్స్ పుస్తకం మాత్రం ఒక్క పేజీ తడవలేదు!

బొందివాగు పక్క కాలనీలో ఒక ముసలమ్మ ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన మూడు గీతలు ఉన్నాయి. కింది రెండూ కిటికీ దాకా రాలేదు. మూడోది కిటికీ దాటింది. మనవడి ఎత్తు గీసిన గీత వాటి మధ్య ఎక్కడో కలిసిపోయింది. నీళ్లు తగ్గాక కార్పొరేటర్ పలకరించడానికి వస్తే ఆమె నమస్కారం పెట్టలేదు, మంత్రి గారిని తలుచుకోలేదు. "ఈసారి వానకు బియ్యం ఎంత ఎత్తున పెట్టాలె బిడ్డా?" అని అడిగింది.

ఆయన రెండు చేతులూ జోడించి, బాగా వంగి, ఆమెకో నమస్కారం పెట్టి కారెక్కాడు.