క్రిస్టల్ ప్యాలెస్ గాలి రైలు గారి సముఖమునకు

మహారాజశ్రీ గాలి రైలు గారికి,

లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ పార్కు కింద ఏదో ఒక మూల తమరు కొలువై ఉన్నారని నమ్మి, నిన్న ఆదివారం మధ్యాహ్నం దర్శనానికి వచ్చాను. తమరు దర్శనమివ్వలేదు. వానకు నానిన గడ్డిలో సిడెన్‌హామ్ వైపు గేటు నుంచి పెంజ్ వైపు గేటు దాకా ప్రతి గుంటనూ ప్రతి మిట్టనూ పలకరించుకుంటూ తిరిగాను. ఒకచోట పాచి పట్టిన ఇటుకల వరుస కనబడితే చేతులు జోడించబోయాను. తీరా చూస్తే వాననీటి కాలువ. వెంట వచ్చిన మా బావమరిది అప్పటికే ఫోనులో బస్సు వేళలు చూసుకుంటున్నాడు.

తమరి ఘనత తెలియక రాలేదండీ. 1863లో లండన్‌లో భూగర్భ రైలు మొదలైతే, ఆవిరి ఇంజను పొగకు సొరంగంలో జనం ఉక్కిరిబిక్కిరయ్యారు. ఆ మరుసటి ఏడే థామస్ వెబ్‌స్టర్ రామెల్ అనే ఇంజనీరు గారు తమరిని పుట్టించారు. పెట్టెకు ముందు ఇంజనే లేదు, కాబట్టి పొగా లేదు. ఇటుకల గొట్టం, అందులో ఒక రైలు పెట్టె, గాలి పక్కలనుంచి జారిపోకుండా ఆ పెట్టె చుట్టూ దట్టంగా కుచ్చిన కుంచె వెంట్రుకల అంచు, ఊదడానికి 22 అడుగుల వ్యాసమున్న పంకా. తిరుగు ప్రయాణంలో అదే పంకా పెట్టెను వెనక్కి పీల్చుకునేది. బోండాం తాగే గొట్టంలో లేత కొబ్బరి ముక్క ఇరుక్కుంటే మనం ఊదుతాం, పీలుస్తాం చూడండి, ఆ సూత్రం మీద మనుషుల్ని నడిపారు! సుమారు 600 గజాల దారి, 50 సెకన్ల ప్రయాణం, టిక్కెట్టు ఆరు పెన్నీలు.

1864 ఆగస్టు ఆఖరున మొదలై అక్టోబరు ఆఖరున ముగిసిన బతుకు. ప్రదర్శనకు పెట్టిన సరుకుకు ఆయుష్షు అంతే అని సరిపెట్టుకున్నాను. థేమ్స్ నది కింద తమరి తమ్ముడికి, అంటే ఇంకో గాలి రైలుకు, పునాది తవ్వి, 1866 ఆర్థిక సంక్షోభం దెబ్బకు 1868లో చేతులెత్తేయడాన్ని కూడా క్షమించాను. వేసవిలో ట్యూబ్ అనే ఇప్పటి లండన్ భూగర్భ రైల్లో ఉడికిపోతున్నప్పుడల్లా ఆ తమ్ముడు గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటాననుకోండి, అది వేరే సంగతి.

కానీ ఒక్క గుర్తయినా వదిలి వెళ్లకూడదా? 1936లో కాలి బూడిదైన ఆ క్రిస్టల్ ప్యాలెస్ గాజు మేడకే మెట్లు మిగిలాయి, స్ఫింక్స్ విగ్రహాలు మిగిలాయి. అదే పార్కులో 1854 నాటి డైనోసార్ బొమ్మలున్నాయి. ఇగ్వానొడాన్‌కు బొటనవేలి మీద ఉండాల్సిన ముల్లును తీసుకెళ్లి ముక్కు మీద పెట్టారు. ఆ తప్పుకు ప్రభుత్వం వారు మొదటి శ్రేణి వారసత్వ హోదా ఇచ్చి కాపాడుతున్నారు. చెప్పిన పని చెప్పినట్టు చేసిన తమరికి మాత్రం ఒక బోర్డు కూడా నా కంటపడలేదు.

తమరి పేరు మీద మిగిలినవి అస్థిపంజరాలు!

కుక్కను తిప్పుకుంటున్న ఒక పెద్దాయనను దారి అడిగితే, దారి చెప్పలేదు గానీ కథ చెప్పాడు. సొరంగం కూలిందట, పెట్టె లోపలే ఉండిపోయిందట, ప్రయాణికులు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఎముకలై ఉన్నారట. టీ అమ్మే అమ్మాయీ అదే చెప్పింది, ఇంకొంచెం ఉప్పూ కారం వేసి. మా వాడు ఫోను జేబులో పెట్టేశాడు. "బావా, ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేనూ శ్రద్ధగా వెతికేవాణ్ణి కదా!" అన్నాడు.

ఇక మర్యాద నా వల్ల కాదు. విను. పార్కుకని వెళ్లిన పెట్టెడు జనం రాత్రికి ఇల్లు చేరకపోతే లండన్ పత్రికలు ఊరుకుంటాయా? పార్లమెంటులో ఎవరూ లేచి నిలబడరా? టిక్కెట్లు చించినవాడు దిగినవాళ్ల లెక్క చూసుకోడా? ఒక్క ఇల్లాలైనా గేటు దగ్గరికొచ్చి మా ఆయనేడని నిలదీయదా? ఇంత చిన్న ఆలోచన ఎవరికీ రాదు. నీ కుంచె అంచు గురించి అడిగే నాథుడు లేడు. రామెల్ పేరెత్తితే తెల్లమొహాలు. ఎముకలు అనగానే అందరి కళ్లలో దీపాలు! తప్పు వాళ్లదనుకుంటున్నావేమో, నీది. నాలుగు ఇటుకలు పైకి కనబడేలా వదిలి ఉంటే, ఇదిగో గోడ, ఇదిగో వంపు, చూసుకోండి అని ఒక్కొక్కరి నోరూ మూయించేవాణ్ణి. పోతూ పోతూ ఇంటి తాళం దెయ్యాల చేతిలో పెట్టి పోయావు.

నేల ఆరాక మళ్లీ వస్తాను. పారతో రానివ్వరు కాబట్టి గొడుగు తెచ్చుకుంటాను, మొనతో పొడిచి చూడటానికి. బావమరిది కూడా వస్తానంటున్నాడు, వాడు ఎముకల కోసం. ముందు ఎవరికి దొరకాలో నువ్వే తేల్చుకో.

ఇట్లు,
ఆరు పెన్నీలు చేత పట్టుకుని నిలబడ్డ ప్రయాణికుడు