నేతి బీరకాయ ప్రీయాంప్

మా బావమరిది ఇంట్లో కొత్త ప్రీయాంప్ దిగింది. అంటే సీడీ ప్లేయర్‌కీ, స్పీకర్లను మోగించే పవర్ యాంప్‌కీ మధ్య కూర్చుని వాల్యూమ్ చూసుకునే డబ్బా. ఖరీదు 1,80,000 రూపాయలు. దాని గొప్పతనమల్లా లోపల ఏమీ లేకపోవడమే. స్క్రూలు విప్పి మరీ చూపించాడు. "చూడు బావా, ట్రాన్సిస్టర్ లేదు, ట్యూబు లేదు, కరెంటు వైరు కూడా లేదు!" నిజమే. వాల్యూమ్ తిప్పే ఒక రెసిస్టర్ (పాట్), ఒక సెలెక్టర్ స్విచ్, వెనకాల నాలుగు సాకెట్లు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ప్యాసివ్ ప్రీయాంప్‌లో యాంప్ అంత.

వాదన మాత్రం తీసిపారేసేది కాదు. సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంది. చాలా పవర్ యాంప్‌లు ఒకటి, ఒకటిన్నర వోల్టుకే గొంతు చించుకుంటాయి. మరి కరెంటుతో నడిచే యాక్టివ్ ప్రీయాంప్ చేసేదేమిటి? వచ్చిన సిగ్నల్‌ని బాగా తగ్గించి, మళ్లీ పదింతలు పెంచుతుంది. పులుసులో చెంబెడు నీళ్లు పోసి, వాటిని ఇగరబెట్టడానికి గ్యాసు తగలేసినట్టు.

కానీ ఈయనగారి డబ్బా సోఫా పక్కన, పవర్ యాంప్ టీవీ కింద. మధ్యలో గోడ చుట్టూ 9 మీటర్ల కేబుల్. కేబుల్ దానికదే ఓ చిన్న కెపాసిటర్, పొడవు పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పెరిగి పై స్వరాలను తినేస్తుంది. మీటరుకు 100 పీకోఫారడ్లు వేసుకున్నా 900. ఇటేమో 50 కిలో ఓమ్‌ల పాట్. సిగ్నల్ సగానికి తగ్గే చోట దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం) 12 కిలో ఓమ్‌లు దాటుతుంది. రెండూ కలిసి 14 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్, అంటే సగం పవర్, మింగేశాయి. పాటలో కంచు తాళాల మెరుపు పోయింది. మావాడు కళ్లు మూసుకుని, "ఎంత మెత్తగా ఉందో చూశావా బావా, పట్టులా!" అన్నాడు. పట్టు కాదురా నాయనా, స్పీకర్ మీద దుప్పటి. కోఠి గుజరాతీ గల్లీలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ఖర్చుకు దొరికే చిప్‌తో కేబుల్‌ని తోసే బలం సిగ్నల్‌కిచ్చే చిన్న బఫర్ కడితే పోయేదానికి! కానీ అది యాక్టివ్ కదా. మడి కట్టుకున్న సిగ్నల్ మైలపడిపోదూ? స్టూడియోలో అదే పాట ఎన్ని ట్రాన్సిస్టర్లను రాసుకుంటూ వచ్చిందో మాత్రం అడక్కూడదు.

ఇక డెమో. మే నెల, మధ్యాహ్నం రెండు. శబ్దం వస్తుందని ఏసీ ఆపాడు. ఫ్యాను ఆపాడు. ఫ్రిజ్ ప్లగ్ కూడా పీకాడు. పిల్లాడి చేతిలోంచి చిప్స్ ప్యాకెట్ లాక్కున్నాడు. బాలమురళి గారి గొంతు మొదలైంది. పల్లవి సగంలో టక్కున ఆపి పాత యాక్టివ్ డబ్బా తగిలించాడు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ సగంలో ఆపి ప్యాసివ్. "తేడా తెలిసిందా బావా?" తెలిసింది, నా చొక్కా తడిసింది.

డెబ్బై దాటిన మా అత్తగారు చెంగుతో విసురుకుంటూ, "ఒరేయ్, ఆ చరణం దాకా ఉండనీరా" అంది. "ష్‌, అమ్మా!" అన్నాడు. ఎవడ్రా నువ్వు, ఆవిణ్ణి ష్ అనడానికి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గొంతు వింటున్న మనిషి! రెండు గంటల్లో ఒక్క అనుపల్లవి కూడా చెవిన పడనివ్వని వెధవకి లక్షల డబ్బా దేనికి, సైకిల్ బెల్లు చాలదూ?

ఆ కేబుల్ సంగతి చూడరా అని చెప్పి వచ్చాను. నిన్న ఫోన్ చేశాడు, మార్చేశాడట. స్వచ్ఛమైన వెండి తీగ, మీటరు 20,000.

కొత్తది కూడా 9 మీటర్లే.